దేవుడే రాజైన కల్పిత దేశాన్ని రెండు సంస్కృతులతో నిర్మించడం ఎలా

నవల కోసమో, బొమ్మల కథ కోసమో, ఆట కోసమో ఒక కల్పిత రాజ్యాన్ని సృష్టించుకునే తెలుగు రచయితలను రెండు సంస్కృతులు కలిసిన దేశం, దానిని పాలించే దైవసమానుడైన రాజు అన్న ఊహ బలంగా ఆకర్షిస్తుంది. అయితే ఒక సంస్కృతి నుంచి దుస్తులను, మరొక దాని నుంచి కట్టడాలను తెచ్చి పక్కపక్కన పెట్టిన దేశం నాలుగు అధ్యాయాలకే పలచబడిపోతుంది, ఎందుకంటే అందులోని ప్రజలకు ఒకరితో ఒకరు వాదించుకోవలసిన విషయం ఏదీ మిగలదు. ఒకే మనిషి రెండు జాతుల ప్రజలకు ఒకే విధంగా దేవుడు కాలేడు. ఒక్కొక్కరికి ఒక్కొక్క విధంగా దేవుడవుతాడు. ఆ రెండు విధాలను రోజూ అతికి ఉంచే పని ఎవరు చేస్తారు, దానికయ్యే ఖర్చు ఎవరు భరిస్తారు అన్న ప్రశ్నలకు సమాధానం దొరికినప్పుడే దేశం నిలబడుతుంది. ఈ వ్యాసం ఆ సమాధానాలను రాబట్టుకునే పద్ధతిని వివరిస్తుంది. ఉదాహరణ కోసం ‘ఇరుమేర’ అనే దేశాన్ని ఊహించుకుందాం. అందులో నది వెంట వరి పండించే ఏటివారు, కొండ దారుల్లో గుర్రాలపై ఉప్పు వ్యాపారం చేసే కనుమవారు ఉంటారు.

రాజు ఎవరికి ఏ విధంగా దేవుడు

మొదట తేల్చుకోవలసినది ఇదే. చరిత్రలో దీనికి వేర్వేరు జవాబులు కనిపిస్తాయి. దక్షిణ అమెరికాలోని ‘ఇంకా’ సామ్రాజ్యంలో చక్రవర్తి సూర్యుని కుమారుడు. నేపాల్‌లో రాజును విష్ణువు అవతారంగా భావించారు. తిరువాన్కూరులో 1750లో మార్తాండవర్మ రాజ్యాన్నంతటినీ పద్మనాభస్వామికి సమర్పించి, ఆ తరువాత పద్మనాభదాసుగా పాలన సాగించాడు. పూరీలో గజపతి రాజు రథయాత్ర నాడు బంగారు పిడి గల చీపురుతో రథాలను ఊడుస్తాడు. విజయనగర రాజులైతే తమ శాసనాల చివర సొంత పేరుకు బదులు ‘శ్రీ విరూపాక్ష’ అని సంతకం పెట్టారు. వీటిలో రాజే దేవుడైన పద్ధతి ఉంది, దేవుడి సేవకుడైన పద్ధతి ఉంది, దేవుడి తరఫున సంతకం చేసే పద్ధతి కూడా ఉంది. పండుగ రోజున ఈ తేడాలు కేవలం ఆచారాల తేడాలుగా కనిపిస్తాయి కాని, కరువు వచ్చిన ఏడాది రాజు మెడ మీదికి వచ్చేవి ఇవే.

ఇరుమేరలో ఏటివారి దృష్టిలో రాజు నదికి భర్త. ఏటా తొలి వరద నీరు వచ్చిన రోజున అతనికి నదితో పెళ్లి జరుగుతుంది. కనుమవారి దృష్టిలో రాజు మనిషే, కాని వారి పూర్వీకులు కొండ మీద వెలిగించిన నిప్పుకు అతను కాపలాదారు. ఇప్పుడు వరుసగా రెండేళ్లు వానలు పడలేదనుకుందాం. నది అలిగి పుట్టింటికి వెళ్లిందని, రాజు దేహం దోషం తెచ్చుకున్నదని ఏటివారు అంటారు. కొండ మీద నిప్పు నిక్షేపంగా వెలుగుతున్నప్పుడు రాజును తప్పుపట్టడం ఎందుకని కనుమవారు అడుగుతారు. ఇద్దరూ ఆ రాజునే నమ్ముతారు, ఇద్దరూ నిజాయితీగానే మాట్లాడతారు, అయినా అతను గద్దె దిగాలా వద్దా అన్న దానిపై రెండు జాతులు కత్తులు దూసుకునే పరిస్థితి వస్తుంది. ఇలాంటి విభేదం మీ దేశంలో పుట్టేంత వరకు దేవాలయాల గోపురాలను, కిరీటాల నగిషీలను వర్ణించే పని మొదలుపెట్టకపోవడం మంచిది.

దీనికి ఉపయోగపడే అభ్యాసం ఒకటి ఉంది. ఏటివారిలో ఒక ముసలి పడవవాడు, కనుమవారిలో ఒక ఉప్పు వర్తకురాలు తమ మనవలకు రాజు గురించి చెబుతున్నట్టుగా చెరొక పేరా రాయాలి. ఒకరి మాటలను మరొకరి నోట పెట్టినా అతికినట్టు సరిపోతే, రాజు దైవత్వం ఇంకా ఒక్కటిగానే ఉందని గ్రహించి మళ్లీ మొదటి నుంచి ఆలోచించాలి.

ఒకే రాజుకు రెండు రూపాలు ఉండటం అసహజమేమో అనే సందేహం అక్కరలేదు. క్రీ.పూ. 305 నుంచి 30 వరకు ఈజిప్టును ఏలిన టాలెమీలు గ్రీకు వంశస్థులు. నాణేలపై వారు గ్రీకు రాజుల తీరులో కనిపిస్తారు, ఆలయాల గోడలపై ఫారోల కిరీటాలు ధరించి ఈజిప్టు దేవతలకు నైవేద్యాలు అర్పిస్తూ ఉంటారు. మథుర దగ్గరి మాట్ గ్రామంలో దొరికిన కుషాణ చక్రవర్తి కనిష్కుని విగ్రహానికి తల లేదు కాని, మధ్య ఆసియా వారి పొడవాటి అంగీ, బరువైన బూట్లు స్పష్టంగా ఉన్నాయి. దాని మీద చెక్కిన బిరుదుల్లో ‘దేవపుత్ర’ ఒకటి. ఆ బూట్లను విప్పించకుండానే ఈ నేల మీద ఆయనను దేవపుత్రుడని పిలిచారు. కలయిక అంటే పూర్తిగా కరిగిపోవడమే కానక్కరలేదని చెప్పడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

దైవత్వానికి అయ్యే ఖర్చు

రాజును దేవుడని ఒప్పుకోవడానికి పూజారులకు ఏదో ఒకటి దక్కాలి. ఈజిప్టులో దొరికిన క్రీ.పూ. 196 నాటి శాసనమైన రోసెట్టా శిలను ఈ కోణంలో చూడాలి. ఐదవ టాలెమీ ఆలయాలకు చేసిన మేళ్లను, తగ్గించిన పన్నులను అందులో మెంఫిస్‌లో సమావేశమైన పూజారులు ఒక్కొక్కటిగా చెప్పి, అందుకు బదులుగా ప్రతి ఆలయంలో ఆయన విగ్రహాన్ని నిలిపి పూజించాలని తీర్మానించారు. ఆ తీర్మానాన్ని చిత్రలిపిలో, ప్రజల వాడుక లిపి అయిన డెమోటిక్‌లో, గ్రీకులో చెక్కించారు. పన్ను మినహాయింపుకు, పూజకు మధ్య కుదిరిన ఒప్పందం ఆ రాతి మీద బాహాటంగా కనిపిస్తుంది. మీ దేశంలో కూడా ఏ ఆలయానికి ఎన్ని గ్రామాల మాన్యం ఉన్నది, ధూపదీప నైవేద్యాలకు నిధులు ఏ పద్దు నుంచి వస్తాయి, రెండవ జాతి వారు మొదటి జాతి దేవుడి కోసం పన్ను కట్టాలా అన్నవి రాసి పెట్టుకోవాలి. అవన్నీ కథలోకి రాకపోవచ్చు, కాని పాత్రలకు వాటి సంగతి తెలిసి ఉండాలి.

న్యాయస్థానాలు కూడా ఇదే కోవలోకి వస్తాయి. టాలెమీల ఈజిప్టులో గ్రీకు న్యాయమూర్తులు, ఈజిప్టు న్యాయమూర్తులు వేర్వేరుగా ఉండేవారు. ఈజిప్టువారికి, గ్రీకులకు మధ్య ఒప్పందపు తగాదా వస్తే ఆ పత్రం ఏ భాషలో రాశారన్న దానిని బట్టి అది ఏ న్యాయస్థానానికి వెళ్లాలో నిర్ణయించాలని క్రీ.పూ. 118 నాటి ఒక రాజాజ్ఞ చెబుతుంది. ఈ ఒక్క నియమాన్ని ఇరుమేరలో ప్రవేశపెట్టి చూస్తే, ఒక ఏటివాడు తన పొలాన్ని కనుమవారికి అమ్మేటప్పుడు పత్రం ఏ లిపిలో రాయించుకుంటాడన్నది వెంటనే ప్రాణం మీదికి వచ్చే నిర్ణయంగా మారుతుంది.

అందువల్ల రెండు భాషలూ తెలిసిన లేఖకులు అటువంటి దేశంలో అందరికంటే శక్తిమంతులవుతారు, అందరికంటే ప్రమాదంలోనూ ఉంటారు. గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీల ఫర్మానాలు పారశీకంతో పాటు తెలుగులోనూ వెలువడేవి. వారిలో చివరివాడైన తానీషా కాలంలో సోదరులైన మాదన్న, అక్కన్న రాజ్యంలో అత్యున్నత స్థానాలకు ఎదిగారు, 1687లో గోల్కొండ మొగలుల వశం కాకముందే హత్యకు గురయ్యారు. కల్పిత దేశంలో రాజు చుట్టూ సేనాపతులను నింపే రచయితలు ఎందరో ఉన్నారు. ఆ సేనాపతుల్లో ఒకరిని తీసివేసి, ఆ స్థానంలో రెండు భాషల లేఖకుణ్ణి లేదా లేఖకురాలిని పెట్టి చూడండి.

మరొక విషయం మరువకూడదు. దేవుడి గొంతు పూర్తిగా రాజు చేతిలో ఉంటే కథ కదలదు. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి బోనాల మరునాడు జరిగే రంగంలో పచ్చి కుండ మీద నిలబడిన స్త్రీ అమ్మవారి మాటగా భవిష్యవాణి వినిపిస్తుంది. వానల గురించి, పంటల గురించి, తనకు జరిగిన పూజలో లోటుపాట్ల గురించి అమ్మవారు అందరి ఎదుటా మాట్లాడుతుంది. దేవుడైన రాజు ఎదుట ఇలా నిలబడి నిలదీయగల గొంతును రెండు జాతుల్లో ఏదో ఒక దానికి తప్పకుండా ఇవ్వాలి. రెండింటికీ ఇస్తే, ఆ రెండు గొంతులు ఒకే రోజున వేర్వేరు మాటలు చెప్పే సందర్భానికి మీరు సిద్ధపడాలి.

రెండు పంచాంగాలు

ఎక్కువమంది రచయితలు దాటవేసే అంశం ఇదే. నా దృష్టిలో అన్నిటికంటే ఫలవంతమైనదీ ఇదే. హిజ్రీ సంవత్సరానికి సుమారు 354 రోజులు. అది సూర్యుడి లెక్క కంటే దాదాపు 11 రోజులు చిన్నది కాబట్టి మొహర్రం ఏటా వెనక్కి జరుగుతూ దాదాపు 33 ఏళ్లలో అన్ని ఋతువులనూ చుట్టివస్తుంది. తెలుగు పంచాంగం అధికమాసాలను చేర్చుకుంటూ ఆషాఢాన్ని వానాకాలంలోనే నిలుపుతుంది. అందువల్ల హైదరాబాద్‌లో కొన్ని సంవత్సరాలలో బోనాలు, మొహర్రం దగ్గరగా వస్తాయి. 2024 జూలైలో అదే జరిగింది. మొహర్రంలో డబీర్‌పురా నుంచి బయలుదేరే పవిత్ర ధ్వజం బీబీ కా ఆలం ఏనుగు మీద వెళుతుంది, పాతబస్తీ బోనాలలో అక్కన్న మాదన్న ఆలయం ఘటం కూడా ఏనుగు మీదే ఊరేగుతుంది. ఒక ఊరేగింపు దుఃఖానిది, మరొకటి మొక్కుబడిది, అయినా రెండింటికీ అవే వీధులు, అదే వాహనం కావలసి వచ్చాయి. రెండు సంస్కృతులు కలిసే చోటు తరచుగా ఇటువంటి ఉమ్మడి అవసరాలలోనే ఉంటుంది.

పన్నుల వసూలు మరొక చిక్కు తెస్తుంది. చంద్రుడి లెక్కతో శిస్తు అడిగితే కొన్నేళ్లకు పంట చేతికి రాకముందే రైతు చెల్లించవలసి వస్తుంది. పంటను అనుసరించే ఫసలీ సంవత్సరం ఈ అవసరం వల్లనే పుట్టింది, నిజాం పాలనలో భూమి శిస్తు లెక్కలు దాని ప్రకారమే నడిచాయి. కాబట్టి రెండు పంచాంగాలు ఉన్న రాజ్యానికి మూడవది కూడా అవసరమవుతుందని గుర్తించి, ఆ మూడవ దాన్ని ఎవరు ప్రకటిస్తారో నిర్ణయించండి. ఇరుమేరలో దాన్ని రాజు ప్రకటిస్తే కాలాన్ని శాసించే దేవుడవుతాడు, ఖజానా అధికారి ప్రకటిస్తే రాజు దైవత్వానికి అది తొలి బీట అవుతుంది.

ఆచరణలో ఒక కాగితం మీద రెండు జాతుల పండుగలను పక్కపక్కన వేసి, కథాకాలంలో అవి ఎప్పుడు ఢీకొంటాయో గుర్తు పెట్టుకోవాలి. నదితో పెళ్లి జరిగే రోజు, కనుమవారు పూర్వీకుల కోసం ఉపవాసం ఉండే రోజు ఒకటే అయిన సంవత్సరంలో రాజు ఏ వస్త్రం కడతాడు, భోజనం చేస్తాడా మానేస్తాడా అని అడిగితే ఒక పూర్తి అధ్యాయం దానంతటదే సిద్ధమవుతుంది.

పేర్లు

దీనికి ఎక్కువ శ్రమ అక్కరలేదు. ఒక జాతి పేర్లు అచ్చుతో ముగిసేలా, మరొక జాతి పేర్లు హల్లుతో ముగిసేలా చూసుకుంటే తెలుగు పాఠకుడి చెవి వెంటనే తేడా పట్టేస్తుంది. పొరుగువారు రాజు పేరును తమ నోటికి అనువుగా మార్చుకోనివ్వండి. విజయనగరంలో ఏడేళ్లు తలదాచుకుని తరువాత గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడన్నారు.

రాజు మరణించిన రోజు

దేవుడు చనిపోవడం ఏ రాజ్యానికైనా కఠిన పరీక్ష. ‘ఇంకా’ సామ్రాజ్యంలో మరణించిన చక్రవర్తి ఆస్తి కొత్త చక్రవర్తికి దక్కేది కాదు. అది భద్రపరచిన మృతదేహం పేరిటే, ఆ వంశీకుల నిర్వహణలో ఉండిపోయేది, కొత్తవాడు కొత్త భూములను జయించైనా తన సంపదను తానే సమకూర్చుకోవలసి వచ్చేది. ఒక విశ్వాసం యుద్ధాలకు ఎలా దారితీయగలదో ఇది చూపిస్తుంది.

ఇరుమేరలో ఏటివారు నది భర్త మరణించాడంటే నది వైధవ్యం పొందిందని భావించి పడవలను ఒడ్డుకు లాగేస్తారు, ఆ రోజుల్లో ఎవరూ నదిని దాటకూడదు. కనుమవారు నిప్పు దగ్గర సభ జరిపి కొత్త కాపలాదారును ఎన్నుకోవాలి, కాని ఆ సభకు ఏటివారి ప్రతినిధులు రావాలంటే నది దాటాలి. రెండు ఆచారాలు విడివిడిగా చూస్తే ఎంతో గంభీరంగా ఉంటాయి, కలిసినప్పుడు రాజ్యం స్తంభించిపోతుంది. ఆ ఖాళీ రోజుల్లో రాజముద్ర ఎవరి దగ్గర ఉంటుంది, ఆ ముద్ర వేసిన పత్రాలు తరువాత చెల్లుతాయా అన్నది కచ్చితంగా నిర్ణయించుకోవాలి.

ఆ తరువాత రాచరికమే పోయిన కాలాన్ని కూడా ఒకసారి ఊహించి చూడాలి. నేపాల్‌లో ఇంద్రజాత్ర పండుగ సందర్భంగా సజీవ దేవతగా పూజలందుకునే బాలిక కుమారి దేవి రాజుకు తిలకం దిద్దేది. 2008లో రాచరికం రద్దయ్యాక ఆ తిలకాన్ని దేశాధ్యక్షులు అందుకుంటున్నారు. భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం తానీషాతో మొదలైందని చెబుతారు. ఆ వంశం అంతరించినా, రాజ్యాలు మారినా ప్రభుత్వం నేటికీ వాటిని పంపుతూనే ఉంది. మీ దేశంలో రాజవంశం పోయినా మిగిలిపోయే ఒక్క ఆచారాన్ని ఎంచుకుని, దాన్ని మొదటి అధ్యాయంలోనే ఎవరూ పట్టించుకోని చిన్న పనిగా చూపించండి.

హైదరాబాద్‌లో ఉండే రచయితలకు దీనికి కావలసిన సామగ్రి దగ్గరలోనే ఉంది. పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో ఈజిప్టు మమ్మీని చూడవచ్చు. 1891లో మొదలైన అఫ్జల్‌గంజ్ గ్రంథాలయంలో పాత పుస్తకాలు తిరగవేయవచ్చు. ఆదివారం ఆబిడ్స్ కాలిబాట మీద చరిత్ర గ్రంథాలు తక్కువ ధరకు దొరుకుతాయి. అన్నిటికంటే ముందు ఆషాఢంలో ఒకసారి, మొహర్రంలో ఒకసారి పాతబస్తీ ఊరేగింపుల వెంట నడిచి, ఏ మలుపులో ఎవరు ఎవరికి దారి ఇస్తున్నారో, దాహం వేసిన వారికి నీళ్లు ఎవరు అందిస్తున్నారో గమనించి రాసుకోండి. ఆ వివరాలను అలాగే ఎత్తి పెట్టకుండా, అవి ఏ అవసరం నుంచి పుట్టాయో తెలుసుకుని, అదే అవసరాన్ని మీ దేశపు రెండు జాతుల మధ్య కల్పించండి.