కుట్టు మిషన్‌ను ఎన్నాళ్లకోసారి సర్వీసింగ్‌కి ఇవ్వాలి?

నేను రోజూ నాలుగైదు గంటలు మిషన్ మీదే ఉంటాను. అందుకే 6 నెలలకోసారి మెకానిక్ చేతిలో పెడతాను. వారానికి రెండు మూడు రోజులు కుట్టేవాళ్లకు ఏడాదికోసారి చాలు. ఎప్పుడో చిరుగులు కుట్టుకోవడానికే తీసేవాళ్లయితే రెండేళ్లకోసారి చూపించినా ఫర్వాలేదు. కానీ ఏళ్ల తరబడి మూలన పెట్టిన మిషన్‌ను మాత్రం నేరుగా తొక్కకండి. లోపలి నూనె బంకలా గట్టిపడి ఉంటుంది, ముందు సర్వీసింగ్ చేయించండి.

మధ్యలో చేయాల్సిన పని మనదే. ఒకసారి నాకు అడుగు కుట్టు ఉండలు ఉండలుగా పడుతుంటే దారం బిగువు మార్చే టెన్షన్ మర తిప్పీ తిప్పీ విసిగిపోయాను. చివరికి సూది కింది ప్లేటు విప్పితే, గుడ్డను ముందుకు జరిపే పళ్ల సందుల్లో దారం పీచు నొక్కుకుపోయి నల్లటి మెత్తలా ఉంది! అప్పటి నుంచి పెద్ద పని అయిన ప్రతిసారీ ప్లగ్గు తీసేసి, అడుగు దారం ఉండే బాబిన్ కేసు బయటికి తీసి, చిన్న బ్రష్షుతో దులుపుతాను. నోటితో ఊదకండి, తడి, పీచు లోపలికి పోతాయి.

నూనె విషయంలో మిషన్‌తో ఇచ్చిన పుస్తకం చూడండి. కొన్నింటికి అసలు వేయకూడదు. వేయాల్సినవాటికి మిషన్ ఆయిలే, చుక్క చొప్పున. వంటనూనె జిగురైపోతుంది. తర్వాత పాత గుడ్డ మీద కాసేపు కుట్టండి.

కుట్లు తప్పుతున్నాయంటే ముందు సూది మార్చి చూడండి. సుమారు 8 గంటల కుట్టుకే మొన అరుగుతుంది. కొత్త సూదితోనూ తప్పుతున్నా, చక్రం బరువుగా తిరుగుతున్నా, కొత్తగా టకటక చప్పుడు వస్తున్నా గడువు దాకా ఆగకండి, వెంటనే చూపించండి.