ఎర్ర రక్తకణం పొరలో లిపిడ్ల అమరికకు నమూనా చేయడం ఎలా?

వైజ్ఞానిక ప్రదర్శనలకు పిల్లలు తెచ్చే కణత్వచం (కణం చుట్టూ ఉండే పొర) నమూనాలు చాలా వరకు ఒకే అచ్చు. పైన ఒక వరుస బంతులు, కింద ఒక వరుస బంతులు, అన్నిటికీ ఒకటే రంగు. రెండు వరుసలన్న మాట నిజమే. 1925లో నెదర్లాండ్స్‌లో గోర్టర్, గ్రెండెల్ ఎర్ర రక్తకణాల నుంచి లిపిడ్లు, అంటే కొవ్వు పదార్థాలు, తీసి నీటిపై పరిచి చూస్తే, కణాల ఉపరితలానికి రెట్టింపు వైశాల్యం వచ్చింది. వాళ్ల కొలతల్లో రెండు పొరపాట్లున్నా, ఒకదాన్నొకటి సరిచేసుకుని జవాబు సరిగ్గానే వచ్చింది! కానీ ఆ రెండు వరుసలూ ఒకలాంటివి కావు. మన నమూనాలో కనిపించాల్సింది ఆ తేడాయే.

కావలసినవి

అర మీటరు పొడవున్న థర్మోకోల్ పలక, సెంటీమీటరు థర్మోకోల్ బంతులు 50, ప్లాస్టిక్ తొడుగున్న సన్నని కరెంటు తీగ ఐదు మీటర్లు, అగ్గిపుల్లలు 40, గుండుసూదులు, పోస్టరు రంగులు, తెల్ల జిగురు. ఆయిల్ పెయింటు, ఘాటు వాసన వచ్చే జిగురు మాత్రం వద్దు. అవి థర్మోకోల్‌ను కరిగించేస్తాయి. మొదటిసారి నేను వేసిన పదకొండు బంతులు కళ్లముందే గుంటలు పడి ముద్దయ్యాయి.

1. బంతులకు రంగు వేయండి

28 బంతులకు పసుపు, 14కు నీలం, 7కు ఎరుపు, ఒక్కదానికి ఆకుపచ్చ. ఒక్కో బంతి ఫాస్ఫోలిపిడ్ అనే లిపిడ్ అణువుకు తల, తర్వాత గుచ్చే తీగలు దాని తోకలు. పసుపు కోలిన్ తల. ఫాస్ఫాటిడైల్ కోలిన్‌కూ స్ఫింగోమైలిన్‌కూ తల ఒకటే కాబట్టి రెండింటికీ అదే రంగు. నీలం ఫాస్ఫాటిడైల్ ఇథనోలమైన్, ఎరుపు ఫాస్ఫాటిడైల్ సెరీన్. ఆకుపచ్చ ఫాస్ఫాటిడైల్ ఇనోసిటాల్, ఇది చాలా తక్కువగా ఉంటుంది. మనిషి ఎర్ర రక్తకణంలో ఫాస్ఫోలిపిడ్ల పాళ్లు రమారమి ఇవే.

2. తోకలు గుచ్చండి

తీగను 4 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి బంతికి రెండేసి గుచ్చాలి. పసుపు బంతుల్లో 13 స్ఫింగోమైలిన్‌వి, వాటి తోకలు రెండూ నిటారుగా ఉంచండి. మిగిలిన 15 పసుపు బంతులకూ, తక్కిన రంగుల వాటికీ ఒక తోకను మధ్యలో మోకాలిలా వంచండి. కొవ్వు ఆమ్లంలో జంట బంధం ఉన్న చోట వచ్చే వంపు అది. నిటారు తోకలు దగ్గరగా ఒదుగుతాయి, వంపు తోకలు పక్కవాటికి ఎడమిస్తాయి.

3. పలకపై అమర్చండి

అసలు పని ఇదే, తొందరపడకండి. తలలు బయటికి, తోకలు ఒకదానికొకటి ఎదురుగా ఉండేలా, బంతి నడిమి నుంచి పక్క బంతి నడిమికి 2 సెంటీమీటర్ల ఎడంతో వరుసకు 25 చొప్పున పెట్టాలి.

పై వరుస రక్తరసం వైపు. ఇందులో ఫాస్ఫాటిడైల్ కోలిన్ 11, స్ఫింగోమైలిన్ 11, నీలం 3. కింది వరుస కణం లోపలి వైపు. ఇందులో నీలం 11, ఎరుపు 7, ఫాస్ఫాటిడైల్ కోలిన్ 4, స్ఫింగోమైలిన్ 2, ఆకుపచ్చ 1. ఎరుపు ఒక్కటి కూడా పై వరుసలో ఉండకూడదు. రంగులను గుంపులుగా కాక కలగలిపి పెట్టండి. ఎర్రబంతులన్నిటినీ, పై వరుసలో ఏవైనా ఏడు పసుపు బంతులనూ జిగురుతో అంటించకుండా సూదులతో గుచ్చి వదిలేయండి.

ఈ లెక్క ఎలా తెలిసిందని ఎవరైనా అడుగుతారు. తలలను, తోకలను కోసే ఎంజైములు చెక్కుచెదరని కణం లోపలికి వెళ్లలేవు, బయటి వరుసనే కోస్తాయి. 1970ల మొదట్లో శాస్త్రవేత్తలు అలా కోయించి, ఏది ఎంత మిగిలిందో కొలిచారు.

4. అగ్గిపుల్లలు

ఇవి కొలెస్ట్రాల్. తోక కంటే కొంచెం పొట్టిగా కత్తిరించి, వరుసకు 20 చొప్పున, మందు తల బంతుల వైపు ఉండేలా తోకల మధ్య అంటించండి. ఆ మందు తలే కొలెస్ట్రాల్‌లో నీటిని ఇష్టపడే హైడ్రాక్సిల్ కొస, మిగతా పుల్ల బిగుసుకున్న వలయాలు. కొలెస్ట్రాల్ చెడ్డదనే మాట విని పెరిగిన వాళ్లు ఇన్ని పుల్లలు చూసి ఆశ్చర్యపోతారు. అగ్గిపెట్టెను మాత్రం ఇంట్లోనే వదిలి వెళ్లండి.

5. కొలత రాయండి

మీ నమూనా మందం దాదాపు 10 సెంటీమీటర్లు, అసలు పొర 5 నానోమీటర్లు. ఇదే పాళ్లలో కణం మొత్తం చేస్తే 150 మీటర్ల వెడల్పు, అంటే క్రికెట్ మైదానమంత. ఇందులో ప్రోటీన్లు లేవని కూడా ఒక మూల రాయండి. అసలు పొరలో లిపిడ్ల కంటే వాటి బరువే ఎక్కువ.

6. ఎర్రబంతిని కదిలించండి

చూడవచ్చిన వాళ్ల ముందు ఒక ఎర్రబంతిని తోకలతో సహా తలకిందులు చేసి పై వరుసకు, అక్కడి పసుపుబంతిని కిందికి మార్చండి. కణంలో కాల్షియం పెరిగినప్పుడు స్క్రాంబ్లేజ్ అనే ప్రోటీన్ చేసే పని అది. బయటికి వచ్చిన సెరీన్ తలను మాక్రోఫేజ్‌లు అనే రక్షక కణాలు గుర్తుపట్టి ఆ కణాన్ని మింగేస్తాయి, రక్తం గడ్డకట్టించే ప్రోటీన్లూ దానిపైకి చేరతాయి. మన ఏజెన్సీ ప్రాంతాల్లో కనిపించే సికిల్ సెల్ వ్యాధిలో కొన్ని కణాల మీద సెరీన్ ఇలా ముందే బయటపడుతుంది.

చూపించాక ఎర్రబంతిని మళ్లీ కిందికి గుచ్చడం మరవకండి. కణంలో ఆ పని ఫ్లిప్పేజ్ అనే ప్రోటీన్‌ది. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువులను ఖర్చుపెట్టి, పైకి జారిన సెరీన్‌ను అది వెంటనే లోపలికి లాగేస్తూ ఉంటుంది.