రోహిణి కార్తె రాకముందే: ఫైబ్రోమయాల్జియా ఉన్నవాళ్లు వ్యాయామంలో పడాల్సిన జాగ్రత్తలు

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురా వైపు ఎండలెలా ఉంటాయో ఇక్కడున్న తెలుగువాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. ఏప్రిల్ సగానికే 42, 43 డిగ్రీలు. రోహిణి కార్తె వచ్చేసరికి 46, 47 కూడా చూస్తుంటాం. ఒళ్లంతా నొప్పులతో బతికేవాళ్లు ఈ రెండు నెలల్లో రెండు రకాలుగా దెబ్బతింటారు. కొందరు "ఎండలు తగ్గాక చూద్దాంలే" అని వ్యాయామం మొత్తం మానేస్తారు. ఇంకొందరు చలికాలంలో నడిచిన దూరాన్నే, అదే టైముకు, పంతం పట్టినట్టు నడుస్తారు. నన్నడిగితే మొదటివాళ్లకే ఎక్కువ నష్టం. ఎండలో తిరిగి కళ్లు తిరిగితే ఇంట్లోవాళ్లు గోల చేస్తారు. రెండు నెలలు మంచం మీద కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు, పైగా "రెస్ట్ తీసుకో" అంటారు. జూన్ వచ్చేసరికి మెట్లెక్కితేనే పిక్కలు పట్టేస్తాయి.

ఫైబ్రోమయాల్జియా అంటే ఒళ్లంతా నెలల తరబడి నొప్పులుండే జబ్బు. ఇందులో కండరం చిరగదు, కీలు అరగదు. ఎక్స్‌రే, ఒంట్లో వాపును పట్టిచ్చే ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు సాధారణంగా నార్మల్‌గానే వస్తాయి. తేడా నొప్పిని లెక్కగట్టే నరాల్లో, మెదడులో ఉంటుంది. మామూలు ఒత్తిడిని కూడా అవి నొప్పి కింద జమ చేస్తాయి. అందుకే వ్యాయామం చేసిన మర్నాడు ఒళ్లు సలిపినంత మాత్రాన లోపల ఏదో తెగిందని కాదు. యూరప్ కీళ్లవైద్యుల సంఘం యూలార్ 2016లో తన సూచనలను సవరించినప్పుడు, ఈ జబ్బుకున్న చికిత్సలన్నిటిలో 'తప్పక చేయించండి' అని గట్టిగా చెప్పింది ఒక్క వ్యాయామం గురించే. మందులకు కూడా అంత గట్టి సిఫార్సు దక్కలేదు.

అయితే నొప్పి నిజంగా దీనివల్లేనా అన్నది ముందు తేల్చుకోవాలి. థైరాయిడ్, విటమిన్ డి, రక్తహీనత పరీక్షలు ఎలాగూ చేయిస్తారు. చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల్లో సికిల్ సెల్ జబ్బు (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకరపోయే, వంశపారంపర్యంగా వచ్చే జబ్బు) కూడా ఎక్కువ. కుటుంబంలో ఎవరికైనా ఉంటే ఆ రక్తపరీక్ష తప్పనిసరి. ఆ జబ్బున్నవాళ్లకు ఒంట్లో నీళ్లు తగ్గినా, ఒళ్లు మరీ అలిసినా నొప్పి ఒక్కసారిగా ముంచుకొస్తుంది, దాని జాగ్రత్తలే వేరు. కొన్ని ఊళ్లలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, నడుము బిగుసుకుపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. కాస్త శ్రమపడితే చాలు, మర్నాటి నుంచి రోజుల తరబడి మంచం దిగలేనంత నీరసం వస్తుంటే డాక్టరుకు ఆ మాట విడిగా చెప్పండి. అది క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ కావచ్చు. అందులో వ్యాయామాన్ని వారం వారం పెంచుకుంటూ పోయే పద్ధతి వద్దని బ్రిటన్ మార్గదర్శకాలు 2021లోనే చెప్పాయి.

ఇక టైము సంగతి. పొద్దున పది నుంచి సాయంత్రం ఐదున్నర దాకా బయట నడక వద్దు. సాయంత్రం ఎండ తగ్గినట్టే ఉంటుంది గానీ సిమెంటు రోడ్డు, డాబా గోడలు ఏడింటి దాకా సెగలు కక్కుతూనే ఉంటాయి. తెల్లవారుజామే మేలు. కానీ మన దగ్గర దానికీ ఒక చిక్కుంది. దుర్గాపూర్, ఊర్జానగర్ కాలనీల చుట్టూ, అడవి అంచున ఉన్న ఊళ్లలో చిరుతలు, పులులు తిరగడం అందరికీ తెలిసిందే. నాలుగున్నరకు చీకట్లో ఒక్కరే బయల్దేరకండి. నొప్పులున్నవాళ్లు నడిచేది నెమ్మదిగా, అలిస్తే ఎక్కడో ఒకచోట కూలబడతారు కూడా. వెలుతురు వచ్చాక, నలుగురు నడిచే దారిలోనే నడవండి. అలా కుదరకపోతే ఇంట్లోనే నడవండి, తప్పేం లేదు.

ఇంట్లో అంటే ఎలాగో చెబుతాను. ఫ్యాన్ వేసుకుని, హాల్లోంచి వంటింటికి, వంటింట్లోంచి హాల్లోకి ఐదు నిమిషాలు. తర్వాత చేతుల్లేని గట్టి కుర్చీని జారకుండా గోడకు ఆనించి, అంచు మీదకు జరిగి కూర్చోండి. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. చేతులు తొడల మీద పెట్టుకుని, ఊపిరి వదులుతూ లేవండి. కూర్చునేటప్పుడు దబ్బున పడకండి, మెల్లగా దిగండి. మొదటివారం ఐదుసార్లు చాలు. ఆ తర్వాత గోడకు అరచేతులు ఆనించి ముందుకు వంగి లేవడం ఓ ఐదుసార్లు, మడమలెత్తి దింపడం ఐదుసార్లు. మధ్యలో నిమిషం కూర్చోండి. ఆఖర్న రెండు నిమిషాలు నెమ్మదిగా నడిచి ఆపండి, ఉన్నట్టుండి ఆగితే కళ్లు తిరుగుతాయి. చేస్తున్నంతసేపూ మాట్లాడగలగాలి. మాట మధ్యలో తెగుతుంటే వేగం ఎక్కువైనట్టే.

సరిపోయిందా, ఎక్కువైందా అన్నది చెప్పేది ఆ పూట కాదు, మర్నాడు, ఆ మర్నాడు. అలవాటులేని శ్రమకు కండరాల నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల్లో పెరిగి తగ్గుతుంది. కాబట్టి ఇవాళ బాగుందని రేపే పెంచకండి. ఒక లెక్క మీద వారం, పది రోజులు ఉండి, ఒంటికి పట్టిందనిపిస్తే ఒకటో రెండో కలపండి. రోజూ ఉండే నొప్పి కంటే బాగా ఎక్కువై రెండు రోజులు దాటినా దిగకపోతే సగానికి తగ్గించండి. సున్నాకు దించకండి.

మంచి రోజే మోసం

ఈ జబ్బులో చెడ్డ రోజు కంటే మంచి రోజే ఎక్కువ దెబ్బ తీస్తుంది. "లేవగానే ఒళ్లు తేలిగ్గా ఉంది వదినా, ఇవాళే కారం పట్టించి, ఆవకాయ కూడా కలిపేస్తా" అంటుంది పక్కింటావిడ. ఆ సాయంత్రానికి భుజాలు ఎత్తలేదు, నాలుగు రోజులు మంచం. వేసవి మన ఆడవాళ్లకు సెలవుల కాలం కాదు. వడియాలు, మిరపకాయలు, పచ్చళ్లు, పైగా సెలవులకొచ్చిన చుట్టాలు. సిరొంచ వైపైతే తునికాకు కోత: వంగి కోయడం, గొంతుక్కూర్చుని కట్టలు కట్టడం. ఇదంతా శరీరానికి వ్యాయామం కిందే లెక్క. వడియాల రోజున నడక సగానికి కోసేయండి. కాయలు అంగట్లోనే కొట్టించుకోండి. కలపడం ఒక రోజు, జాడీలకెత్తడం ఇంకో రోజు పెట్టుకుంటే ఆవకాయ పాడైపోదు. డాబా మెట్లు ఎక్కడం కంటే దిగడం తొడ కండరాలను ఎక్కువ సలిపిస్తుంది, బరువుతో దిగితే మరీనూ. వడియాల చాపలు, బట్టల బకెట్టు కిందికి తేవడం ఇంట్లో కుర్రాళ్ల పని. నొప్పి బయటికి కనపడదు కాబట్టి వాళ్లంతట వాళ్లకు తట్టదు. మొహమాటం లేకుండా చెప్పి చేయించుకోండి.

చైత్రంలో మహాకాళి జాతరకు వచ్చే చుట్టాలతో గుడికి వెళ్లేవాళ్లు ఆ రోజుకు వేరే వ్యాయామమే పెట్టుకోవద్దు. క్యూలో గంటసేపు నిలబడటం నడక కంటే కష్టం.

కూలర్ గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. కూలర్ లేకుండా ఇక్కడ బతకలేం. కానీ చెమట పట్టిన ఒంటి మీదికి ఆ తడిగాలి నేరుగా రాత్రంతా కొడితే చాలామందికి పొద్దున మెడ తిరగదు. మంచాన్ని పక్కకు జరపండి, లేదా గాలి గోడకు తగిలి వచ్చేలా తిప్పండి. దాంట్లో బకెట్లతో నీళ్లు పోయడం ఇంకో బాధ. నిండు బకెట్టు భుజం ఎత్తుకు లేపే పని నొప్పులున్నవాళ్లది కాదు. ట్యాపుకు పైపు తగిలించండి, అది లేకపోతే చెంబుతో కొంచెం కొంచెంగా పోయండి. కరెంటు పోయి నిద్రపట్టని రాత్రి తర్వాత నొప్పి ఎలాగూ ఎక్కువుంటుంది. ఆ పూట చీలమండలు, భుజాలు తిప్పడంతో సరిపెట్టండి.

గోలీలు, ఎండ, నీళ్లు

ఇక్కడ మాత్రం కాస్త టెన్షన్ పడినా ఫర్వాలేదు. ఈ జబ్బుకు ఎక్కువగా రాసే అమిట్రిప్టిలిన్ చెమటను తగ్గిస్తుంది. చెమట పట్టకపోతే ఒళ్లు చల్లబడదు, వడదెబ్బ తొందరగా తగులుతుంది. గబుక్కున లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరగడానికీ అదే కారణం కావచ్చు. డులోక్సెటిన్ కొందరిలో రక్తంలోని సోడియం తగ్గిస్తుంది. ప్రీగాబాలిన్‌తో మగత, తూలడం ఉంటాయి, అది వేసుకున్నవాళ్లు లేవగానే మెట్ల జోలికి పోకూడదు. వీటిలో దేన్నీ సొంతంగా మానేయకండి, హఠాత్తుగా ఆపితే వేరే బాధలు మొదలవుతాయి. ఎండలు ముదరకముందే డాక్టరు దగ్గరికి వెళ్లి, వాడే మందులన్నీ, బీపీకి వాడే, మూత్రం ఎక్కువగా పోయించే గోలీలతో సహా చూపించి మార్పు కావాలేమో అడగండి.

డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి గోలీలు ఫైబ్రోమయాల్జియా నొప్పికి పెద్దగా పనిచేయవు. నీళ్లు తాగక ఒళ్లు ఎండిపోయి ఉన్నప్పుడు వేసుకుంటే కిడ్నీలకు దెబ్బ. నడవడానికి ముందు ఒకటి మింగి వెళ్లే అలవాటుంటే ఈ వేసవిలోనే మానండి. పేరు కూడా తెలియని గోలీలు కలిపి కట్టిచ్చే పొట్లాలు అసలే వద్దు, వాటిలో స్టెరాయిడ్ ఉన్నా మనకు తెలియదు.

నడకకు ముందు ఓ గ్లాసు నీళ్లు, వచ్చాక ఉప్పేసిన మజ్జిగో కైరీ పన్హానో (పచ్చిమామిడి పానకం) తాగండి. బీపీ, కిడ్నీ జబ్బున్నవాళ్లు ఉప్పు సంగతి డాక్టరునడగాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద ఎంత రాసి ఉంటే అన్ని నీళ్లలోనే కలపండి, లీటరుదైతే లీటరే. మూత్రం పసుపు ముదిరితే ఆ రోజు వ్యాయామం బంద్.

ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం, ఒక కాలో చెయ్యో బలం తగ్గడం, మూత్రం మీద పట్టు తప్పడం, కీలు వాచి ఎర్రబడటం, జ్వరం: వీటిలో ఏదున్నా ఫైబ్రోమయాల్జియాదే అని సరిపెట్టుకోకుండా వెంటనే డాక్టరుకు చూపించండి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. 108కి ఫోన్ చేసి, వాళ్లొచ్చేలోపు నీడలో పడుకోబెట్టి, ఒళ్లంతా తడిపి, విసరాలి. స్పృహ సరిగా లేనివాళ్లకు నీళ్లు తాగించకూడదు.

జూన్‌లో తొలి వానలు పడగానే రెండు తొందరలు కాచుకుని ఉంటాయి. ఒకటి, 21న యోగా దినం. పదిమందిలో వేగంగా సూర్యనమస్కారాలు చేయాలని సరదా పుడుతుంది. అక్కడికి వెళ్లండి, కానీ కుర్చీలో కూర్చుని చేసేవి చేయండి. రెండోది పత్తి గింజలు పెట్టడం. చేనున్నవాళ్లు రోజంతా వంగక తప్పదనుకుంటారు. గింజలు పెట్టడానికి రెండు వారాల ముందు నుంచే ఇంట్లో రోజూ కొద్దిసేపు వంగి లేవడం అలవాటు చేసుకోండి. చేలో సాలుకొకసారి నిలబడి నడుము చాపండి. మొదటి రోజు రెండు గంటలకు మించి దిగకండి.