పాత ఫ్లాటు అమ్మే ముందు – 3వ పాఠం: ముక్కు, గోడ, కుళాయి

కిందటి పాఠంలో అటకలు ఖాళీ చేయమన్నాను. చేశారనే అనుకుంటున్నాను. ఇత్తడి బిందెలు, పాడైన కూలర్, పెళ్లినాటి సూట్‌కేసులు ఎక్కడికో ఒకచోటికి చేరి ఉంటే, ఇప్పుడు మీ ఇంట్లో గోడలు కనబడుతుంటాయి. సామాను ఉన్నన్నాళ్లూ కనబడనివి కూడా కనబడుతుంటాయి. బీరువా వెనక ఉబ్బిన పెయింటు, మంచం తలవైపు గోడ మీద మరక, అలాంటివి. ఇవాళ్టి పాఠం వాటి గురించే.

పెయింటర్‌ని మాత్రం అప్పుడే పిలవకండి. నేను పిలిచి దెబ్బతిన్నాను.

మా అమ్మ ఫ్లాటు హైదరాబాద్‌లో ఉండేది. ఇరవై రెండేళ్ల పాత అపార్ట్‌మెంటు, రెండో అంతస్తు, రెండు బెడ్‌రూములు. అమ్మ మా దగ్గరికి వచ్చేశాక ఎనిమిది నెలలు తాళం వేసి ఉంది. అమ్మేద్దామనుకున్నాక వెళ్లి చూస్తే, పెద్ద బెడ్‌రూములో బాత్‌రూమ్‌ని ఆనుకున్న గోడకి మోకాలి ఎత్తువరకూ చెమ్మ. పెచ్చులు ఊడి, తెల్లగా పొడి రాలుతోంది. పెయింటరు వచ్చి గీకి, పుట్టీ పెట్టి, రెండు కోట్లు వేసి వెళ్లాడు. పదిహేను రోజులు తిరక్కుండానే మళ్లీ ఉబ్బింది. ఆ ఆదివారమే చూడటానికి వస్తామని ఫోన్ వచ్చింది. టెన్షన్‌లో ఏం చేయాలో తోచక, హాల్లో ఉన్న చెప్పుల స్టాండు తెచ్చి ఆ గోడకి అడ్డంగా పెట్టాను.

వచ్చింది ఒక పెద్దావిడ, ఆవిడ కొడుకు. కొడుకు బాల్కనీ, పార్కింగు చూస్తున్నాడు. ఆవిడ గుమ్మంలోనే ఆగి, ఒకసారి గాలి పీల్చి, "ఎన్నాళ్లయిందమ్మా ఇల్లు మూసి?" అంది. తర్వాత నేరుగా బెడ్‌రూములోకి వెళ్లి, "చెప్పుల స్టాండు ఇక్కడ పెట్టారేమిటి?" అని కాలితో పక్కకి జరిపింది. నేను "అదేం లేదాంటీ..." అంటూనే ఉన్నాను. గోడ మీద గోటితో చిన్నగా గీసి, రాలిన పొడి చూసి, చేయి దులుపుకుంది. మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయారు.

ఆవిడ చూసిన వరుసలోనే మనమూ చూద్దాం.

మొదట ముక్కు

ఎవరింటి వాసన వాళ్లకి తెలియదు. రాత్రి కిటికీలన్నీ మూసి పడుకుని, పొద్దున్నే పక్కింటావిడని లోపలికి పిలిచి, "మొహమాటపడకుండా చెప్పండి, ఏం వాసన వస్తోంది?" అని అడగండి. చెప్పేది సాధారణంగా మూడింట్లో ఒకటి అవుతుంది: పోపు-జిడ్డు వాసన, చెమ్మ వాసన, లేదంటే మురుగు వాసన.

తాళం వేసి ఉన్న ఇళ్లలో మురుగు వాసనే ఎక్కువ. పిల్లల దగ్గరికి డాలస్‌కో బెంగళూరుకో వెళ్లి ఆరు నెలలు ఉండి వచ్చేవాళ్ల ఇళ్లన్నింటిలోనూ ఇదే. చాలామంది డ్రైనేజీ పైపు పగిలిందని కంగారుపడతారు. అసలు సంగతి చాలా చిన్నది. బాత్‌రూమ్ నేల మీద జాలీ కింద ఒక గిన్నెలాంటిది ఉంటుంది, ప్లంబర్లు నహానీ ట్రాప్ అంటారు. అందులో ఎప్పుడూ రెండంగుళాల నీళ్లు నిలిచి ఉండాలి. ఆ నీళ్లే పైపులోని గాలి పైకి రాకుండా ఆపే మూత. ఇల్లు వాడకపోతే ఆ నీళ్లు ఆరిపోతాయి, వేసవిలో మరీ త్వరగా. మూత పోయింది కనక వాసనా వస్తుంది, బొద్దింకలూ వస్తాయి. ప్రతి జాలీలో ఒక మగ్గు నీళ్లు పోయండి, వాష్ ఏరియాలో ఉన్నదాన్ని మరిచిపోకుండా. కమోడ్‌లు ఒకసారి ఫ్లష్ చేయండి. మళ్లీ కొన్ని వారాలు రాలేకపోతే, ఆ నీళ్ల మీద రెండు చెంచాల వంటనూనె వేసి వెళ్లండి. నూనె పొర నీళ్లని తొందరగా ఆరనివ్వదు.

వార్డ్‌రోబ్‌లలో పాత పేపర్లు, కలరా ఉండలు తీసేసి, తలుపులు రెండు రోజులు బార్లా తెరిచి పెట్టండి. చిమ్నీ జాలీని వేడినీళ్లలో గిన్నెల సబ్బుతో నానబెట్టి కడగండి. వంటగది గురించి ఇవాళ్టికి ఇంతే.

రూమ్ ఫ్రెషనర్ కొట్టకండి. అగరొత్తులు రోజూ వెలిగించే పూజగదిలో వెలిగించుకోండి, అంతే. ఇల్లంతా మల్లెపూల వాసన వస్తుంటే, చూడటానికి వచ్చినవాళ్లు దాని కింద ఏముందో వెతుకుతారు.

ఇక గోడ

తెల్లటి పొడి ఎలా వస్తుందో తెలిస్తే పెయింటు మీద డబ్బు తగలేయరు. గోడలోకి చేరిన నీరు ఇటుకలోని, సిమెంటులోని లవణాలని కరిగించుకుని బయటివైపు వస్తుంది. పైకి వచ్చాక నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. అదే ఆ పొడి. దాని మీద పుట్టీ పెట్టినా, ఖరీదైన పెయింటు వేసినా, నీరు రావడం ఆగదు. ఉప్పు ఆ పొర వెనకే పేరుకుని, దాన్ని పైకి నెట్టేస్తుంది. నా పదిహేను రోజుల ముచ్చట అలాగే ముగిసింది.

కాబట్టి మొదటి ప్రశ్న: నీరు లోపల్నించి వస్తోందా, లేక గదిలోని తేమ చల్లటి గోడ మీద చేరుతోందా? అడుగు పొడవు, అడుగు వెడల్పు పాలిథిన్ కాగితాన్ని మరక మీద పరిచి, నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించండి. టేపు అంటుకోవాలంటే ముందు పొడి దులపాలి. మర్నాడు చూడండి. పాలిథిన్ లోపలివైపు నీటి చుక్కలుంటే చెమ్మ గోడలోదే. పైన తడిగా ఉండి లోపల పొడిగా ఉంటే అది గది తేమ. కిటికీ తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ బాగుచేయించుకుంటే చాలు.

రెండో ప్రశ్న: గోడలోదే అయితే, ఏ నీరు? ఇక్కడే ప్లంబర్లు "బాత్‌రూమ్ మొత్తం పగలగొట్టాలి మేడమ్" అంటారు. నాకూ అదే చెప్పారు. నేను ఒప్పుకోబోయి, ఒక్క క్షణం ఆగి ఆలోచించాను. ఎనిమిది నెలలుగా ఆ బాత్‌రూమ్‌లో ఎవరూ చెంబుడు నీళ్లు పోసుకోలేదు. నేల టైల్స్ సందుల్లోంచి దిగాలంటే అసలు నీళ్లేవి? అంటే పైఅంతస్తు నుంచైనా రావాలి, లేదా గోడలో పోయే పైపు నుంచైనా కారాలి. కొళాయి కట్టేసినా పైపులో నీళ్లు ఎప్పుడూ ఒత్తిడితో ఉంటాయి కదా. ఫ్లాటు మొత్తానికి నీళ్లు ఆపే గేట్ వాల్వ్ పూర్తిగా కట్టేసి వారం తర్వాత వచ్చి చూస్తే మరక అంచులు ఆరడం మొదలైంది. పైఅంతస్తు వాళ్లు యథాప్రకారం స్నానాలు చేస్తూనే ఉన్నారు, కనక వాళ్లది కాదు. గీజర్ కింద ఒకే ఒక్క టైల్ తీయించాను. పాత ఇనుప పైపు బెండు దగ్గర తుప్పుపట్టి, సన్నగా చెమరుస్తోంది. దాన్ని మార్చడానికి సగం రోజు పట్టింది.

మీరు ఇంట్లో ఉంటూ అమ్ముతుంటే ఇదే పరీక్ష తిరగేసి చేయండి. ఆ బాత్‌రూమ్‌ని నాలుగైదు రోజులు పూర్తిగా మానేసి, రెండోది వాడుకోండి. వాల్వ్ మాత్రం తెరిచే ఉంచండి. మరక ఆరడం మొదలైతే తప్పు నేలది, ఆరకపోతే పైపుదో పైవాళ్లదో. నేల మీద అనుమానం ఉంటే, జాలీ నోట్లో పాలిథిన్‌లో చుట్టిన తడిగుడ్డ కుక్కి, అంగుళం నీళ్లు నిలబెట్టి, నీటిమట్టం దగ్గర టైల్ మీద గీత పెట్టండి. ఆ నీళ్లు గుమ్మం దాటకుండా చూసుకోవాలి, కిందింటివాళ్లకి ముందే చెప్పాలి. 24 గంటల్లో కాస్త ఆవిరి కావడం మామూలే. అర అంగుళం దిగిందంటే మాత్రం కారుతోందని అర్థం. టైల్స్ సందులు మాత్రమే పాడైతే, ఆ సందుల్లో నింపిన పాత గ్రౌట్ గీకి ఎపాక్సీ గ్రౌట్ నింపిస్తే సరిపోవచ్చు. కింద స్లాబ్‌లోకే దిగితే అది పెద్ద పని.

పెద్ద పని అమ్మేముందు చేయించాలా? నా మటుకు నేను చేయించను. ఇద్దరు మేస్త్రీల దగ్గర అంచనా రాయించుకుని, ఆ కాగితం కొనేవాళ్ల ముందు పెట్టి, ధరలో తగ్గిస్తాను. ఎలాగూ చాలామంది కొన్నాక బాత్‌రూమ్‌లు తమకి నచ్చినట్టు మార్పించుకుంటారు. కానీ దాచడం కుదరదు. ఆస్తి బదిలీ చట్టం, 1882, 55వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, అమ్మేవాళ్లకి తెలిసి, కొనేవాళ్లు మామూలు జాగ్రత్తతో చూసినా కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఉంటే చెప్పి తీరాలి. చెప్పకపోవడాన్ని ఆ సెక్షనే మోసం అంటుంది. ఈ లెక్కన చెప్పుల స్టాండు ఎంత తెలివితక్కువ పనో చూడండి.

మూలం బాగుచేశాక గోడని వెంటనే ముట్టుకోకండి. వదులుగా ఉన్న పెచ్చులు తీసేసి, పొడి బ్రష్‌తో ఉప్పు దులపండి. నీళ్లతో కడిగితే ఉప్పు మళ్లీ లోపలికి పోతుంది. ఫ్యాన్ వేసి వదిలేయండి. పదిహేను రోజులు పట్టొచ్చు, నెల దాటినా ఆశ్చర్యం లేదు. మళ్లీ పాలిథిన్ అంటించి చూసి, పొడిగా ఉంటేనే ప్లాస్టరింగు, పుట్టీ.

అందుకే ఈ పాఠానికి మంచి నెల ఆషాఢం అంటాను. శూన్యమాసంలో అడ్వాన్సు ఇవ్వడానికి చాలామంది ఇష్టపడరు, మీకూ తొందర ఉండదు. పైగా వానలకి ఏ గోడ తడుస్తోందో గోడే చెబుతుంది. అన్నిటికన్నా పైఅంతస్తులో ఉన్నవాళ్లకైతే టెర్రస్ సంగతి కూడా అప్పుడే తేలిపోతుంది.

చివరగా కుళాయి

బోరునీళ్ల ఊళ్లలో కుళాయిల చుట్టూ తెల్లగా గట్టి పొర కడుతుంది. దాన్ని టాయిలెట్ క్లీనర్‌తో రుద్దేవాళ్లున్నారు. అందులోని ఆసిడ్‌కి కుళాయి మెరుపు పోయి, మరక పోయినా కుళాయి పాతదైపోతుంది. నిమ్మ ఉప్పు రెండు చెంచాలు గ్లాసుడు వేడినీళ్లలో కలిపి, గుడ్డ తడిపి కుళాయికి చుట్టి అరగంట ఉంచండి. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, మంచినీళ్లతో కడిగి, పొడిగా తుడవండి. మార్బుల్ మీద ఆ నీళ్లు పడనివ్వకండి. కుళాయి మీది పొరా, మార్బులూ ఒకే జాతివి, రెండూ కరుగుతాయి.

ఈ వారం అభ్యాసం

ఒక నోట్‌బుక్కులో గదికో పేజీ. ప్రతి గోడ కింది రెండడుగులూ అరచేత్తో తడుముతూ నడవండి. చల్లగా తగిలిన చోటల్లా పెన్సిల్‌తో గుర్తు పెట్టి, పాలిథిన్ అంటించి, తేదీ రాయండి. బాగుచేయించేటప్పుడు ఫోన్‌లో ఫొటోలు తీసి, ప్లంబర్ రాసిచ్చిన చీటీతో కలిపి ఉంచండి. మా ఫ్లాటు చివరికి కొన్నాయన, తీసిన టైల్, తుప్పుపట్టిన బెండు, కొత్త పైపు ఉన్న ఆ మూడు ఫొటోలూ తన ఫోన్‌కి పంపించుకున్నాడు. ఆ గోడ గురించి మళ్లీ బేరం ఆడలేదు. పార్కింగు గురించి మాత్రం గంటసేపు ఆడాడు. పార్కింగు సంగతి ఆరో పాఠంలో. గోడలు ఆరేలోపు 4వ పాఠంలో రంగులు, బల్బులు చూద్దాం.