బస్ట్ హాఫ్ డాలర్లు, 5వ పాఠం: అరిగిందా, అసలు పడలేదా?

బస్ట్ హాఫ్ డాలర్లంటే ఒకవైపు లిబర్టీ అనే స్త్రీ బొమ్మ, మరోవైపు గద్ద ఉన్న పాత అమెరికా వెండి అర డాలర్లు. పోయినసారి గ్రేడు (ఎంత అరిగిందో చెప్పే అంకె, 70కి) వేయమని ఇచ్చిన 1827 అర డాలరును చాలామంది వెరీ ఫైన్ 20 దగ్గర ఆపేశారు. లిబర్టీ భుజం మీది పిన్ను చదునుగా ఉందట, గద్ద పైన రిబ్బన్‌లో అక్షరాలు సగం లేవట. నిజానికి ఆ నాణెం అంతకంటే తక్కువ అరిగిన ఎక్స్‌ట్రా ఫైన్ 45. ఈసారి అంచు మీది రాత గురించి చెబుదామనుకున్నాను, ఇక అది వచ్చే పాఠంలోనే.

1807 నుంచి 1836 వరకు ఫిలడెల్ఫియా టంకశాల ఈ నాణేలను చేత్తో తిప్పే స్క్రూ ప్రెస్సు మీద కొట్టింది. అచ్చులో లోతైన చోటికి వెండి పైకి ఎక్కాలి. పిన్నుకు సరిగ్గా వెనకవైపు ఆ రిబ్బన్ ఉంటుంది. రెండు వైపులా లోతే అయితే ఒక్క దెబ్బకు వెండి చాలదు. అంటే అక్కడ బొమ్మ అరగలేదు, మొదట్నుంచీ పడలేదు. అరుగుదలకు పక్షపాతం ఉండదు. పిన్నును అరగదీసిన చేతులు చెవి పైన జుట్టును, గద్ద రెక్కల అంచును వదిలిపెట్టవు కదా! అవి పదునుగా ఉండి పిన్ను ఒక్కటే చదునుగా ఉంటే గ్రేడు తగ్గించకండి. ఒకే బల్బు కింద నాణేన్ని మెల్లగా తిప్పండి. అరిగిన చోట బూడిదరంగు మందకొడిగా ఉంటుంది, పడని చోట మెరుపు కదులుతుంది. ట్యూబ్‌లైటు కింద గ్రేడు వేసేవాళ్లతో నాకు పేచీ.

అందుకే నేను ముందు రకం, అంటే ఏ బొమ్మ అచ్చు, ఏ బొరుసు అచ్చు జంటగా కొట్టాయో తేలుస్తాను, గ్రేడు ఆ తర్వాతే. కొన్ని అచ్చుల జంటలు ఎప్పుడూ బలహీనంగానే కొడతాయి. ఆ సంగతి తెలియకుండా వేసిన గ్రేడు గాలిలో మేడ. నేను బొరుసు నుంచే మొదలుపెడతాను: రిబ్బన్ మీది ‘ఇ ప్లూరిబస్ యూనమ్’లో ‘ప్లూరిబస్‌’లోని ఐ, దాని నెత్తిన ‘యునైటెడ్‌’లో ఉన్న టీకి ఎడమనా, కుడినా? అచ్చు మీద అక్షరాలను చేత్తో ఒక్కొక్కటిగా గుద్దేవారు, అందుకే ఈ దూరం మారుతూ ఉంటుంది. 1827కు నలభైకి పైగా రకాలు. 1815కు మాత్రం ఒకే జంట, దాని మీద 5 అంకె అడుగున, ముందు గుద్దిన పాత 2 జాడ ఉంటుంది. అది లేని 1815 ఎవరైనా అమ్మజూపితే డబ్బు జేబులోంచి తీయకండి.

నాణెం మీద పగులులాంటి గీత ఉబ్బెత్తుగా ఉంటే అది అచ్చు పగులుది, లోపలికి ఉంటే గీరుడు.

అభ్యాసం: వేలం జాబితాల్లో ముప్పై 1827 నాణేల ఫొటోలు వెతకండి. గ్రేడు మీద కాగితం కప్పి ఒక్కోదానికి ఐ–టీ బొమ్మ గీయండి. ముప్పై అయ్యేదాకా కాగితం తీయొద్దు.