నీటిపక్షుల గణన, 4వ పాఠం: వేలల్లో ఉన్న గుంపును లెక్కపెట్టడం

కిందటి పాఠంలో చెరువు చుట్టూ నిలబడే చోట్లు ఎంచుకున్నాం, పటం గీసుకున్నాం, ఏ చోటు నుంచి ఏ భాగం కనిపిస్తుందో గుర్తుపెట్టుకున్నాం. పదుల్లో ఉన్న కొంగల్నీ నీటికాకుల్నీ ఒక్కొక్కటిగా లెక్కపెట్టడానికి ఆ పని చాలు. కానీ జనవరిలో కొల్లేటికో పులికాట్‌కో వెళ్తే, ఆమాటకొస్తే ఊరి పెద్ద చెరువు కట్ట ఎక్కినా, నీళ్ల నడుమ చాప పరిచినట్టు బాతులు కనిపిస్తాయి. అవి ఎనిమిది వందలా, మూడు వేలా? ఈ పాఠమంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

ఈ లెక్క ఎందుకంత ముఖ్యమో ముందు చూద్దాం. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. మన చెరువుల మీద వాలే బాతులు సైబీరియా, మధ్య ఆసియా నుంచి వచ్చే దారిని మధ్య ఆసియా వలసమార్గం అంటారు. ఆ దారిలో ఏ జాతి తగ్గుతోంది, ఏది నిలకడగా ఉంది అన్నది ఇలా ఏళ్ల తరబడి పోగైన అంకెల్ని బట్టే తెలుస్తుంది. ఒక చిత్తడినేలను రామ్‌సర్ ఒప్పందం (చిత్తడినేలల్ని కాపాడటానికి దేశాలు చేసుకున్న ఒప్పందం) కింద గుర్తించడానికి ఉన్న ప్రమాణాల్లో ఒకటి, అక్కడ క్రమంగా 20,000 నీటిపక్షులు ఉండటం. కొల్లేరుకు ఆ గుర్తింపు 2002లో వచ్చింది. ఒక ఏడు ఒకరు 3,000 అని రాసి, మరుసటి ఏడు ఇంకొకరు 1,500 అని రాశారనుకోండి. బాతులు సగమయ్యాయో, కంటి కొలత సగమైందో ఎవరూ చెప్పలేరు. అంకె కచ్చితంగా ఉండకపోయినా ఫర్వాలేదు, కానీ ఎవరు చూసినా ఒకే పద్ధతిలో వచ్చి తీరాలి.

ముందు ఇంట్లో, పెసలతో

చెరువుకు వెళ్లేముందు వారం రోజులు ఇంట్లో సాధన చేయండి. వెడల్పాటి స్టీలు పళ్లెం, గుప్పెడు పెసలు, ఒక కాగితం చాలు. పెసలు మీరు పోయకూడదు, ఇంట్లో ఇంకెవరైనా పోయాలి. ఒక టీస్పూనుకు ఇంచుమించు వంద గింజలు పడతాయి, కాబట్టి ఒకసారి అర చెంచా, ఒకసారి నాలుగు చెంచాలు, ఇలా మార్చి మార్చి పోయమనండి. పళ్లెం చేత్తో కదిపితే గింజలు ఒకచోట గుమిగూడి, మరోచోట పలచబడతాయి. బాతుల గుంపు ఉండేది కూడా అలాగే.

పళ్లెం పీట మీద పెట్టి, మీరు నేల మీద కూర్చుని, కళ్లు పళ్లెం అంచుకు కాస్త పైన ఉండేలా పక్కనుంచి చూడండి. చాలామంది పైనుంచి చూసి సాధన చేస్తారు, చెరువు దగ్గర తడబడతారు. కట్ట మీద నిలబడ్డప్పుడు మనకు దొరికేది ఏటవాలు చూపే. అందులో ముందు వరస వెనక వరసను కమ్మేస్తుంది.

పది సెకన్లు చూసి ఒక అంకె రాయండి. తర్వాత కింద చెప్పే గడి పద్ధతిలో ఇంకో అంకె రాయండి. చివరికి గింజలన్నీ పదేసి చొప్పున విడదీసి అసలు లెక్క తీయండి. ఇలా పదిసార్లు చేస్తే ఒక సంగతి బయటపడుతుంది. మొదటి చూపు అంచనా చాలాసార్లు తక్కువే వస్తుంది, గింజలు పెరిగేకొద్దీ తేడా పెరుగుతుంది. గుంపు ఎంత మేర పరుచుకుందో కన్ను పట్టుకుంటుంది గానీ, నడిమి భాగం ఎంత చిక్కగా ఉందో పట్టుకోదు. ఉదాహరణకు పదిసార్ల అంచనాలు కలిపితే 1,150, అసలు లెక్క 1,480 వచ్చిందనుకుందాం. అంటే మీరు నాలుగో వంతు దాకా తక్కువ చూస్తున్నారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆ తేడాను పట్టుకుని చెరువు దగ్గర వచ్చిన అంకెను 1.29తో హెచ్చించి రాయకండి. వెలుతురు, దూరం, జాతి మారితే తేడా కూడా మారుతుంది. పెసలు మీ కంటికి కసరత్తు మాత్రమే, చూసిన అంకెను సరిదిద్దే సూత్రం కాదు.

గడి పద్ధతి

చెరువు దగ్గరికి వచ్చాక వెంటనే లెక్క మొదలుపెట్టకండి. గుంపును ఎడమ నుంచి కుడికి ఒకసారి ఊరికే చూడండి. ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, మధ్యలో ఖాళీలున్నాయా, వెనక గట్టు మీద తుమ్మచెట్టో కరెంటు స్తంభమో ఏ భాగానికి ఎదురుగా ఉంది? ఈ ఆనవాళ్లే మీ గడుల గీతలు. లేకపోతే కన్ను ఒకసారి జారితే చూసిందే మళ్లీ చూస్తారు.

తర్వాత గుంపులో మరీ చిక్కగానూ మరీ పలచగానూ లేని చోట పది పక్షుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి. ఆ పది ఎంత చోటు ఆక్రమించాయో మనసులో ముద్ర వేసుకోండి. అలాంటివి ఐదు పక్కపక్కన చేరిస్తే యాభై గడి, ఇంకో ఐదు చేరిస్తే వంద గడి. వంద గడి బైనాక్యులర్‌లో కనిపించే వలయంలో ఎన్నో వంతు ఉందో చూసుకోండి, పావా, సగమా? అదే మీ గజంబద్ద. దాన్ని గుంపు మీద ఒక చివర నుంచి మరో చివరకు జరుపుతూ, గడికొక్కసారి చేతి కౌంటర్ (నొక్కినప్పుడల్లా ఒక అంకె పెరిగే చిన్న పరికరం) నొక్కండి. ఒక నొక్కుడు పదికా, యాభైకా, వందకా అన్నది మొదలుపెట్టక ముందే పుస్తకంలో రాయాలి. ఇంటికి వచ్చాక 24 అన్న అంకె కనిపించి, అది 240యో 2,400యో గుర్తురాకపోతే పొద్దుటి శ్రమంతా వృథా.

చిక్కటి చోటుకు రాగానే గడి మార్చాలి. అక్కడ మళ్లీ పది లెక్కపెట్టి కొత్త ముద్ర వేసుకోండి. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. అంచుల్లో వేసుకున్న గడిని నడిమికి కూడా లాగితే లెక్క పడిపోతుంది.

మూడు వందల లోపు గుంపయితే పదుల్లో, రెండు వేల దాకా యాభైల్లో, ఆపైన వందల్లో వెళ్తే పని సాఫీగా సాగుతుంది. ఒకసారి అయ్యాక కుడి నుంచి ఎడమకు మళ్లీ చేయండి. 1,900, 2,100 వచ్చాయా, 2,000 అని రాయండి. 1,500, 2,400 వస్తే మాత్రం మూడోసారి చేయాల్సిందే. పెద్ద అంకె ముచ్చటగా ఉందని దాన్నే ఎంచుకోవద్దు.

ఏ జాతి ఎన్ని?

2,400 బాతులున్నాయని తేలింది. వాటిలో సూదిలాంటి తోక ఉన్న పిన్‌టెయిల్ ఎన్ని, చెంచామూతి షవలర్ ఎన్ని? అన్నిటినీ జాతివారీగా లెక్కపెట్టే తీరిక గుంపు ఇవ్వదు. స్పాటింగ్ స్కోప్ (దూరపు పక్షిని దగ్గరగా చూపే ఒంటికన్ను దుర్భిణి) ట్రైపాడ్ మీద పెట్టి, గుంపులో దూరదూరంగా ఉన్న ఐదు చోట్ల వందేసి పక్షుల్ని జాతి చూసి విడదీయండి. ఐదు చోట్లా పిన్‌టెయిళ్లు 58, 64, 41, 60, 57 వచ్చాయనుకోండి. మొత్తం 500లో 280, అంటే 56 శాతం. 2,400లో 56 శాతం 1,344. పుస్తకంలో 1,340 అని రాసి పక్కన ‘అంచనా’ అని చేర్చండి. ఆ నాలుగు ఎవరూ చూసి లెక్కపెట్టినవి కావు.

మూడో చోట 41 మాత్రమే రావడం గమనించారా? జాతులు గుంపంతా సమానంగా కలిసి ఉండవు. లోతు తక్కువ అంచున ఒక జాతి, నడిమిన ఒక జాతి చేరతాయి. అందుకే ఒక్క చోటి నమూనాతో సరిపెట్టుకోకూడదు. దూరం నుంచి బాతులతో కలిసిపోయే బొల్లికోళ్లను మాత్రం వేరే గుంపుగానే లెక్కపెట్టండి. తెల్లటి ముక్కు, నల్లటి ఒళ్లు చూస్తే పోల్చుకోవచ్చు.

మునిగే పక్షులకు ఇంకో జాగ్రత్త కావాలి. మునుగుడుకోడి, నీటికాకి మీరు చూసే క్షణంలో నీళ్ల కింద ఉండొచ్చు. ఒక చిన్న భాగాన్ని రెండు నిమిషాలు కదలకుండా చూసి, ఒకేసారి పైన కనిపించిన అత్యధిక సంఖ్య రాయండి.

గుంపు లేచిపోతే

గద్ద వచ్చినా, పడవ వచ్చినా గుంపు ఒక్కసారిగా లేస్తుంది. అప్పుడు లెక్క ఆపేయకండి. ఎగిరే గుంపును వెనక చివర నుంచి ముందుకు, అంటే అవి వెళ్లే దిక్కుకే చూపు నడుపుతూ గడులు వేయండి. ఎదురు దిక్కున వేస్తే పక్షులు గడిని దాటి పరుగెడతాయి, లెక్క తప్పుతుంది. రెండు మూడు ఫోటోలు తీసి ఇంటిదగ్గర తెర మీద గీతలు గీసి, ఒక్కో పక్షి మీద చుక్క పెడుతూ లెక్కిస్తే మీ కంటి అంచనా ఎంత సరైందో కూడా తెలుస్తుంది. గుంపు ఎటు వాలిందో, ఎన్ని గంటలకో రాయండి. లేకపోతే అవే పక్షులు తర్వాతి చోట మళ్లీ లెక్కలోకి వస్తాయి.

గుంపు మీవల్ల లేవకూడదు. బాతులు మెడలు నిటారుగా ఎత్తి, మేత ఆపి, నెమ్మదిగా నడినీటికి జరగడం మొదలుపెట్టాయంటే మీరు అప్పటికే దగ్గరైనట్టు. నాలుగడుగులు వెనక్కి వేయండి. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చిన పక్షి తిని కొవ్వు కూడబెట్టుకోవాల్సిన చోటది. లేచిన ప్రతిసారీ ఆ కొవ్వే ఖర్చవుతుంది.

వెలుతురు విషయం పోయినసారి చెప్పిందే: పొద్దున తూర్పు గట్టు నుంచి పడమటికి చూడాలి. సూర్యుడికి ఎదురుగా చూస్తే పక్షులన్నీ నల్ల చుక్కలే.

లెక్క పక్కన నీటిమట్టం

పక్షుల అంకెతో పాటు నీరు ఎంతుందో తప్పకుండా రాయండి. తూము మెట్లలో ఎన్ని నీళ్లపైన కనిపిస్తున్నాయో రాసినా చాలు, అయితే ప్రతిసారీ అవే మెట్లు చూడాలి. ఉల్లంకి పిట్టలు దిగి మేసేది నాలుగు వేళ్ల లోతు లోపు బురదనీటిలో. తల ముంచి తోక పైకెత్తి మేసే బాతులకు ఇంచుమించు మోకాటి లోతు దాటితే మేత అందదు. గూడబాతుకు (పెలికాన్‌కు) మాత్రం చేపలున్న లోతునీరు కావాలి. అలుగు దాకా నిండిన ఏడు ఉల్లంకులు సున్నా అయ్యాయంటే అవి అంతరించిపోతున్నాయని కాదు, ఆ ఏడు అక్కడ వాటికి కాలు ఆనే చోటు లేదు. నీరు ఎప్పుడు వదలాలి, ఎంత ఉంచాలి అని చెరువు చూసేవాళ్లతో మాట్లాడాల్సి వస్తే, పనికొచ్చేది పక్షుల అంకె, మెట్ల అంకె పక్కపక్కన ఉన్న పుస్తకమే. సున్నాను కూడా సున్నా అని రాయండి. ఖాళీ గడి వదిలితే చూడలేదో, లేవో తర్వాత చదివేవాళ్లకు తెలియదు.

ఈ వారం అభ్యాసం

పెసల్లో మినుములు కలిపి పది పళ్లేలు చేయండి. మొత్తం గడి పద్ధతిలో, మినుముల వాటా ఐదు చోట్ల ఇరవయ్యేసి గింజల నమూనాతో తీయండి. తర్వాత ఏ చెరువు దగ్గరైనా ఒకే గుంపును ఇద్దరు కలిసి, ఒకరికొకరు అంకె చెప్పుకోకుండా లెక్కించి, చివర్లో పుస్తకాలు పోల్చండి. తేడా ఇరవై శాతం దాటితే ఇద్దరూ వంద గడిని ఎంత వెడల్పున వేశారో అక్కడే, ఆ గుంపు మీదే చూపించుకోండి. ఆ పుస్తకం దగ్గరుంచుకోండి. 5వ పాఠంలో నేలపట్టు పక్షుల కేంద్రంలో నీళ్లలో పెరిగే కడపచెట్ల మీద గూడబాతుల గూళ్లను లెక్కించే పద్ధతి మొదలుపెడతాం.