రాత్రి మాత్ర, పొద్దుటి స్టీరింగు

రేపు తెల్లారకముందే దూరప్రయాణం, స్టీరింగు మీ చేతిలోనే. కంటినిండా నిద్రపోదామని ఇవాళ రాత్రి ఓ నిద్రమాత్ర వేసుకుందామనుకుంటున్నారా? అలా అయితే కాస్త ఆగండి.

మెలకువ వచ్చిందంటే మత్తు దిగిపోయిందనుకుంటాం. ఒంటి లెక్క వేరు. ఆందోళన తగ్గడానికిచ్చే డయాజెపామ్ రక్తంలో సగానికి తగ్గడానికే 20 నుంచి 50 గంటలు పడుతుంది. రోజూ వేసుకునేవాళ్లకి నిన్నటిది దిగకముందే ఇవాళ్టిది వచ్చి చేరుతుంది. జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర అంతకంటే చాలా త్వరగా దిగుతుంది కానీ ఆడవాళ్లలో కొంచెం నెమ్మది. పొద్దున బండి నడిపేటప్పుడు ఇబ్బందవుతోందనే 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ వాళ్లకి మామూలు జోల్పిడెమ్ మోతాదును 10 నుంచి 5 మిల్లీగ్రాములకు తగ్గించింది. నిద్రకు ఏడెనిమిది గంటలు లేనప్పుడు ఆ మాత్ర జోలికే పోవద్దు.

‘నేను బానే ఉన్నాను’ అన్న మాటను అస్సలు నమ్మకండి. మత్తు మొట్టమొదట మందగింపజేసేది ఆ అంచనానే. బండి మెల్లగా గీతవైపు జరుగుతుంది, ఉలిక్కిపడి సర్దుకుంటారు, కాసేపటికి మళ్లీ జరుగుతుంది. దాటొచ్చిన మలుపు గుర్తుండదు. ముందు బండి బ్రేకు లైటు చూశాక కాలు కదలడం ఒక్క సెకను ఆలస్యమైతే, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో దాదాపు 17 మీటర్లు ముందుకెళ్లిపోయినట్టే.

మానసిక వైద్యుడు రాసిన మందుకి భయపడేవాళ్లు కూడా జలుబు మాత్ర నిశ్చింతగా మింగేస్తారు, అదే నాకు విడ్డూరం. అందులో క్లోర్‌ఫెనిరమిన్ ఉందేమో అట్ట వెనక చూడండి. అది బాగా మత్తునిస్తుంది. అలర్జీకే ఇచ్చే ఫెక్సోఫెనడిన్‌తో ఆ బెడద చాలా తక్కువ. మానసిక సమస్యలకిచ్చే అమిట్రిప్టిలిన్, మిర్టజపిన్, క్వెటియాపిన్, నొప్పులకిచ్చే ట్రమడాల్, ప్రీగాబలిన్... ఇవన్నీ మగతనిచ్చేవే. వీటి మీద మద్యం ఒక్క గుక్కయినా వద్దు.

అలాగని బండి కోసం డాక్టరు రాసిన మందు మానేయకండి. డయాజెపామ్ లాంటివి చాన్నాళ్లు వాడి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. జబ్బుకి మందు వేసుకోకుండా బండి నడపడమూ ప్రమాదమే. డాక్టరు దగ్గరికెళ్లినప్పుడు ‘పొద్దున ఆరింటికే బండి తీస్తాను’ అని ముందే చెప్పండి. వేసుకునే వేళ మార్చడమో, మగత తక్కువుండే మందు రాయడమో చూస్తారు. కొత్త మందు మొదలెట్టినా, మోతాదు పెంచినా, అది ఒంటికి ఎలా పడుతుందో తేలేదాకా తాళాలు ఇంకొకరి దగ్గర పెట్టండి.